ఇఫ్ పక్కన విల్ ఎందుకు రాయకూడదు?

ప్రశ్న: క్లయింటుకు మెయిల్ రాశాను: "ఇఫ్ యూ విల్ సెండ్ ద ఫైల్ టుమారో, ఐ విల్ చెక్ ఇట్." మా మేనేజర్ మొదటి విల్ కొట్టేశారు. పంపేది రేపే కదా, మరి విల్ ఎందుకు వద్దు? అప్పటినుంచి ఇఫ్ కనిపిస్తే టెన్షన్.

జవాబు: నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశానండీ. "రేపు పంపితే చూస్తాను" అంటాం. ఆ "పంపితే"లో భవిష్యత్తు గుర్తు ఎక్కడైనా ఉందా? ఇంగ్లీషులోనూ అంతే. షరతు వర్తమానంలో, ఫలితం విల్‌తో: "ఇఫ్ యూ సెండ్." వెన్, అంటిల్, యాజ్ సూన్ యాజ్ తర్వాత కూడా ఇదే పద్ధతి. నాకు వెన్ దగ్గర ఇప్పటికీ చెయ్యి జారుతుంది!

ఇంకో జవాబు: ఒక మినహాయింపు ఉంది. "ఇఫ్ యూ విల్ వెయిట్ హియర్" అని మర్యాదగా అడగొచ్చు. అక్కడ విల్ కాలాన్ని కాదు, ఒప్పుకోవడాన్ని చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి "ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ కమ్" గతమేనా?

మొదటి జవాబు రాసినవారు: కాదు, ఇప్పుడు టైము లేదని అర్థం. మనమూ "టైముంటే వచ్చేవాణ్ణి" అంటాంగా, రూపం గతానిదే. నిజంగా గడిచిపోయిన సంగతైతే "ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ హ్యావ్ కమ్". రెండు హ్యాడ్‌లు చూసి అచ్చుతప్పనుకోకండి.