వార్ థండర్‌లో రష్యా ట్యాంకులకు నిజంగా మొగ్గుందా?

ప్రశ్న (గాజువాక):
వార్ థండర్ అనే ఆన్‌లైన్ యుద్ధ గేమ్‌లో అమెరికా ట్యాంకు షెర్మన్ 75 మి.మీ. గన్‌తో సోవియట్ ట్యాంకు టీ-34 ముందు పలకను కొడితే షెల్ జారిపోతుంది. అదే టీ-34 ఒక్క షాట్‌తో షెర్మన్‌ను లేపేస్తుంది. అమెరికా వైపు 40 మ్యాచ్‌లాడితే గెలుపు 15 దాటడం లేదంటే బ్యాలెన్సింగ్‌లో (దేశాల బండ్ల బలాన్ని సమం చేయడంలో) పక్షపాతం ఉన్నట్టే కదా?

జవాబు 1 (ఎంవీపీ కాలనీ):
తమ్ముడూ, ముందు కోణం చూడు. ఆ పలక మందం 45 మి.మీ.లే, కానీ నిలువు నుంచి 60 డిగ్రీలు వాలి ఉంటుంది. ఎదురుగా వచ్చే షెల్ చీల్చాల్సిన ఉక్కు 90 మి.మీ. అవుతుంది, జారుడు దానికి అదనం. హ్యాంగర్‌లో (మ్యాచ్‌కు ముందు బండ్లుండే స్క్రీన్) టీ-34 మీద ప్రొటెక్షన్ అనాలిసిస్ (ఏ షెల్ ఎక్కడ దిగుతుందో చూపే టూల్) తెరిచి షెర్మన్, దాని ఎం61 షెల్, 500 మీటర్లు పెట్టి కర్సర్ తిప్పు. పక్కన చక్రాల వెనక గోడ కూడా 45 మి.మీ.లే, కానీ నిలువుగా ఉంటుంది, అక్కడ దిగిపోతుంది. ఎదురుగానే కొట్టాల్సి వస్తే టరెట్‌ను (గన్ ఉండే, తిరిగే పైభాగం) చూడు.

ఇక 40 మ్యాచ్‌ల లెక్క. నాణెం 40 సార్లు ఎగరేస్తే బొమ్మ 14 నుంచి 26 దాకా పడటం మామూలే. 15తో ఏదీ తేలదు. 400 ఆడినా 5 శాతం అటూఇటూ ఊగుతుంది.

జవాబు 2 (మధురవాడ):
బీఆర్ (బ్యాటిల్ రేటింగ్, ఏ బండి ఏ బండ్లతో తలపడాలో చెప్పే అంకె) నిర్ణయించేది బండి కాగితం మీది బలాన్ని బట్టి కాదు, ఆడేవాళ్ల ఫలితాలను బట్టి. కొత్తవాళ్లు ప్రీమియం బండి (డబ్బు పెట్టి కొనేది) కొని పై ర్యాంకుల్లోకి నేరుగా వచ్చేస్తే ఆ దేశం గెలుపు శాతం పడుతుంది. తప్పు ట్యాంకుది కాదు. పైగా మీ బీఆర్ కంటే 1.0 పైనున్న బండ్లు కూడా ఎదురొస్తాయి.

సోవియట్ బండ్లకు లోట్లూ ఉన్నాయి. టరెట్ పొట్టిది కాబట్టి గన్ కిందికి ఎక్కువ వంగదు: టీ-34-85కి 5 డిగ్రీలే, షెర్మన్‌కు 10. కైలాసగిరి లాంటి గుట్ట అంచున టరెట్ మాత్రమే కనిపించేలా నిలిచి కిందికి గురిపెట్టడం షెర్మన్‌కు సులువు, టీ-34 ఒళ్లంతా బయటపెట్టాలి. టీ-72 రివర్స్ గంటకు 4 కి.మీ. మాత్రమే, తప్పుచోట దొరికితే వెనక్కి రాలేదు.

జవాబు 3 (సీతమ్మధార):
అన్నయ్యలు చెప్పింది నిజమే, కానీ ఒక ఫిర్యాదు న్యాయమైనదే. లోపల పేలుడుమందు ఉన్న షెల్ దిగాక గేమ్‌లో ముక్కలు బంతిలా అన్ని దిక్కులకూ చిమ్ముతాయి, అసలైతే అన్ని వైపులా సమానంగా పోవు. అందుకే ఒక్క దెబ్బకు సిబ్బంది మొత్తం పోతారు. కాకపోతే ఈ లాభం జర్మనీకీ, మీ ఎం61కీ ఉంది. నష్టపోయేది బ్రిటన్: దాని 17 పౌండర్ గన్ షెల్‌లో మందు ఉండదు, ఉత్త ఉక్కే. దాంతో కొట్టేటప్పుడు మొదట గన్నర్‌ను, లేదంటే గన్ బ్రీచ్‌ను (షెల్ నింపే వెనక భాగం) గురిచూడాలి. ఎదుటివాడు తిరిగి కాల్చలేని ఆ కొద్దిసేపట్లో రెండో షెల్ దించాలి.