వెర్‌స్టాపెన్‌ను మీడియా కావాలనే టార్గెట్ చేస్తోందా?

నాచారం_నైట్‌షిఫ్ట్
2025 ఎఫ్1 (ఫార్ములా 1 కార్ల రేసులు) సీజన్ అయిపోయింది. చాంపియన్ నోరిస్ 423, మ్యాక్స్ వెర్‌స్టాపెన్ 421. రెండంటే రెండు పాయింట్లు. అబుదాబిలో రేసు గెలిచి వచ్చి కూర్చున్న మనిషిని ప్రెస్‌మీట్‌లో అడిగింది మళ్లీ బార్సిలోనా గురించే. జూన్‌లో అక్కడ మెర్సిడెస్ డ్రైవర్ రస్సెల్ కారును గుద్దావు కదా, ఇప్పుడు బాధగా ఉందా అని. జాండ్‌వోర్ట్ రేసు తర్వాత 104 పాయింట్లు వెనకబడిన డ్రైవర్ చివరి రేసు దాకా టైటిల్‌ను లాక్కొచ్చాడు, అది అడగాలని ఎవరికీ అనిపించలేదా? నాకు నిజంగా కోపం వచ్చింది. రెండు విషయాలు అడుగుతున్నాను. ఈ విమర్శలో న్యాయం ఎంత? రెండోది, మన పేపర్లలో ఎఫ్1కి నాలుగు లైన్లు మించి రావు, మిగతాదంతా ఇంగ్లండ్ వాళ్లు రాసిందే. మీరంతా ఎక్కడ చదువుతారు, ఎవర్ని నమ్ముతారు?

లేట్‌బ్రేక్_లింగంపల్లి
న్యాయమా, పాడా. పాస్‌పోర్ట్ సమస్య బ్రో ఇది, మ్యాక్స్ డచ్ వాడు, బ్రిటిషర్ కాదు, మ్యాక్సే ఆ మాట అన్నాడు. ఆ ప్యాడాక్‌లో (టీమ్‌లూ విలేకరులూ ఉండే చోటు) రాసేవాళ్లలో, మాట్లాడేవాళ్లలో బ్రిటిష్ వాళ్లే ఎక్కువ. 2022 మెక్సికోలో మ్యాక్స్ టీమ్ రెడ్‌బుల్ మొత్తం బ్రిటిష్ చానెల్ స్కై స్పోర్ట్స్‌తో మాట్లాడటం మానేసింది, ఎందుకు? 2021లో మ్యాక్స్ గెలిచిన టైటిల్ బ్రిటిష్ డ్రైవర్ హామిల్టన్ దగ్గర కొట్టేశారన్నట్టు ఏడాది తర్వాత కూడా తవ్వుతూనే ఉంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. 2024 ఇంటర్‌లాగోస్ (బ్రెజిల్) రేసు గుర్తుందా? వానలో 17వ స్థానం నుంచి వచ్చి గెలిచాడు. ఆ రోజు ప్రెస్‌మీట్‌లో బ్రిటిష్ విలేకరులు ఎవరూ కనిపించడం లేదేమిటని అతనే అడిగాడు. తిట్టడానికైతే అందరూ వస్తారు, మెచ్చుకోవాల్సిన రోజు ఒక్కరూ ఉండరు.

టోలిచౌకి_టిఫోసి
తమ్ముడూ, నేను షూమాకర్ కాలం నుంచి చూస్తున్నాను, ఈ పాస్‌పోర్ట్ కథ నాకు చెప్పకు. 1997 హెరెజ్‌లో ఫెరారీ నడిపే షూమాకర్ విల్‌నెవ్‌ను గుద్దినప్పుడు ఎవరు ఏకిపారేశారో తెలుసా? ఇటలీ పత్రికలే! ఫెరారీ అంటే అక్కడ ప్రాణం, అయినా వదల్లేదు. రేసులను నడిపించే ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ అతన్ని ఆ ఏడాది చాంపియన్‌షిప్ పట్టిక నుంచే తీసేసింది. సెన్నా 1990 సుజుకాలో ప్రాస్ట్‌ను మొదటి మలుపులోనే లేపేసి, కావాలనే చేశానని ఏడాది తర్వాత తనే ఒప్పుకున్నాడు, అతన్నీ తిట్టారు. దూకుడుగా నడిపేవాడికి దేశం ఏదైనా ఈ మాటలు తప్పవు. ఇంకోటి, బార్సిలోనాలో అది కావాలని చేసి ఉంటే బ్లాక్ ఫ్లాగ్ చూపించి రేసు నుంచే తప్పించాలని గట్టిగా వాదించింది మాజీ చాంపియన్ రోజ్‌బర్గ్. అతను బ్రిటిషర్ కాదు.

లేట్‌బ్రేక్_లింగంపల్లి
మాట్లాడింది ఏ చానెల్లో అన్నా? స్కైలోనే కదా.

ఉప్పల్_గ్యాలరీ
నేను ఎఫ్1 పెద్దగా చూడను కానీ ఈ బాధ మన హైదరాబాదీలకు బాగా తెలుసు. 2024 డిసెంబర్‌లో అడిలైడ్‌లో మన సిరాజ్ హెడ్‌ను బౌల్డ్ చేసి పంపిస్తూ రెండు మాటలన్నాడు. హెడ్ 140 కొట్టి వెళ్తూ తనూ అన్నాడు. స్టేడియం అంతా ఎవరి మీద అరిచింది? సిరాజ్ మీద. ఫైన్ ఎవరికి? సిరాజ్‌కు మ్యాచ్ ఫీజులో 20 శాతం, హెడ్‌కు డీమెరిట్ పాయింట్‌తో సరి. ఆ హెడ్ మన సన్‌రైజర్స్ జెర్సీ వేసుకుంటే ఉప్పల్‌లో మనమే నెత్తిన పెట్టుకున్నాం. అదే నెలలో కోహ్లీ కాన్‌స్టాస్‌కు భుజం తగిలిస్తే అక్కడి ఒక పేపర్ అతన్ని జోకర్‌ను చేసి వేసింది. ఎవరి ఊళ్లో పేపరు వాళ్ల ఊరి వాడికే.

పచ్చజెండా
క్రికెట్ ఇక్కడ వద్దు దయచేసి. అసలు బార్సిలోనాలో ఏం జరిగిందో ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తాను. నేను 2023లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగినప్పుడు ట్రాక్ పక్కన జెండాలు చూపే మార్షల్‌గా చేశాను, రేస్ కంట్రోల్ ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూశాను. చివర్లో సేఫ్టీ కార్ వచ్చింది, అంటే అందరూ దాని వెనక నెమ్మదిగా వెళ్లాలి. మ్యాక్స్ దగ్గర పట్టు తక్కువుండే హార్డ్ టైర్ల కొత్త సెట్టే మిగిలింది, చుట్టూ ఉన్నవాళ్లంతా పట్టు ఎక్కువుండే సాఫ్ట్ మీద. రీస్టార్ట్‌లో లెక్లెర్ దాటేశాడు, వెంటనే మొదటి మలుపులో రస్సెల్ లోపలికి దూరాడు, మ్యాక్స్ రన్ఆఫ్‌లోకి (ట్రాక్ పక్కన ఖాళీ చోటు) వెళ్లి అతని కంటే ముందే తేలాడు. టీమ్ రేడియోలో స్థానం తిరిగి ఇచ్చేయమంది. ఐదో మలుపు దగ్గర వేగం తగ్గించి, రస్సెల్ పక్కకు రాగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కి గుద్దాడు. శిక్షగా 10 సెకన్లు, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు, మొత్తం 11. పన్నెండు అయితే ఒక రేసు నిషేధం. ఐదో స్థానం పదో స్థానం అయింది, అంటే 9 పాయింట్లు పోయాయి. టైటిల్ పోయింది రెండు పాయింట్లతో. విలేకరి అది అడగకపోతే ఇంకేం అడుగుతాడు?

లేట్‌బ్రేక్_లింగంపల్లి
మార్షల్‌గా చేశానన్నావు, బాగుంది, జెండా ఊపినంత మాత్రాన శిక్షలు తేల్చే స్టీవర్డ్ అయిపోరు. నువ్వు చెప్పని ముక్క ఒకటుంది. మొదటి మలుపు గురించి స్టీవర్డ్‌లు తర్వాత ఏం తేల్చారు? తదుపరి చర్య అవసరం లేదన్నారు. అంటే స్థానం తిరిగి ఇవ్వాల్సిన పనే లేదు! టీమ్ తప్పుడు సలహా ఇచ్చింది, కోపంలో అతను చేయకూడనిది చేశాడు, మర్నాడు ఇన్‌స్టాలో అది సరైంది కాదని తనే రాశాడు. ఆ రేడియో సలహా గురించి ఎన్ని వ్యాసాలు వచ్చాయి? మ్యాక్స్ మనస్తత్వం, మ్యాక్స్ పెంపకం, వాళ్ల నాన్న యోస్, ఇదే గోల.

పచ్చజెండా
సలహా తప్పైతే గుద్దేయొచ్చా? తర్వాత తేలిన విషయం ఆ క్షణంలో కారులో ఉన్నవాడికి తెలియదు. ట్రాక్ పక్కన నిలబడేవాళ్లకు తెలుస్తుంది ఒక డ్రైవర్ కోపం ఎంత ప్రమాదమో. ముందు మార్షల్స్‌ను గౌరవించడం నేర్చుకోండి, మేం ఎండలో పైసా లేకుండా నిలబడితేనే మీరు రేసు చూస్తున్నారు.

శంషాబాద్_సర్వీస్‌రోడ్
మీ అందరికీ ఒక్కటే చెప్తున్నా. ఈ దూకుడు, ఈ హీరో వర్షిప్ ఎక్కడికి వస్తుందో రాత్రి పదకొండు తర్వాత ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదకు వచ్చి చూడండి. 2023లో లిమిట్ 120 చేశారు, కుర్రాళ్లకు అది మొదలు మాత్రమే. కేబుల్ బ్రిడ్జి మీద, రాయదుర్గంలో టీ-హబ్ దగ్గర బైకులు ముందు చక్రం లేపుకుని వెళ్తుంటారు. మా చిన్నాన్న కొడుకు ఎగ్జిట్ ర్యాంప్ దగ్గర ఎవడో గ్యాప్‌లో దూరబోతే డివైడర్‌కు కొట్టుకుని కాలు విరిగి నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. మీడియా ఇంకా గట్టిగా తిట్టాలి ఇలాంటి డ్రైవర్లను.

లేట్‌బ్రేక్_లింగంపల్లి
మీ తమ్ముడి గురించి విని బాధేసింది అన్నా, నిజంగా. కానీ ఓఆర్‌ఆర్ మీద వెధవ వేషాలకు మ్యాక్స్ ఏం చేస్తాడు? అతని పేరు కూడా వినని వాళ్లే సగం మంది.

శంషాబాద్_సర్వీస్‌రోడ్
కార్ల వెనక అద్దం మీద 33, 1 స్టిక్కర్లు మ్యాక్స్ కారు నంబర్లు కాక ఎవరివి మరి? రోజూ చూసేవాణ్ని నేను.

తార్నాక_అక్క
నాకు డ్రైవింగ్ కంటే నోటి గొడవే ఎక్కువ చికాకు తెప్పించింది. మా పిల్లలిద్దరితో కలిసి చూస్తాను నేను. 2024 సింగపూర్‌లో ప్రెస్‌మీట్‌లో తన కారు గురించి ఒక బూతు మాట అన్నాడని ఎఫ్ఐఏ సమాజసేవ శిక్ష వేసింది, చివరికి రువాండా వెళ్లి పిల్లలతో పని చేసి వచ్చాడు. అంత చిన్న మాటకు అంత శిక్షా అని హామిల్టన్, నోరిస్ కూడా అతని పక్షాన్నే మాట్లాడారు. మ్యాక్స్ నిరసనగా అధికారిక ప్రెస్‌మీట్‌లో ముక్తసరిగా జవాబులు చెప్పి, బయట నిలబడి విలేకరులతో మామూలుగా మాట్లాడాడు. మీడియా మీద కోపం ఉన్నవాడైతే అలా చేస్తాడా? కోపం వ్యవస్థ మీద. ఇక రేడియోలో తిట్లంటారా, డ్రైవర్లంతా మాట్లాడే దాంట్లో ఏది వినిపించాలో ప్రసారం చేసేవాళ్లే ఏరుతారు. 2024 హంగరీలో తన ఇంజినీర్ లాంబియాసేతో గొడవ పడిన ముక్కలు మళ్లీ మళ్లీ వేసి, ముందు రాత్రి మూడింటి దాకా సిమ్ రేసింగ్ ఆడాడు కాబట్టే ఇలా అని కథ అల్లేశారు. పిల్లలు వినకూడదంటే వేయకుండా ఉండొచ్చు కదా. అమ్ముకోవడానికి వాళ్లకు ఆ తిట్లు కావాలి, నీతులు చెప్పడానికి కూడా అవే కావాలి.

ఖైరతాబాద్_కార్నర్
ఫార్ములా ఈ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా, నేనూ స్టాండ్‌లో ఉన్నాను 2023 ఫిబ్రవరి 11న. వెర్న్ గెలిచిన రేసు. హెయిర్‌పిన్ (యూ-టర్న్ లాంటి మలుపు) దగ్గర జాగ్వార్ టీమ్ శామ్ బర్డ్ లోపలికి దూకి సొంత టీమ్‌మేట్ మిచ్ ఎవాన్స్‌నే గుద్దాడు, రెండు జాగ్వార్లూ పోయాయి. మా ముందు జనం తల పట్టుకున్నారు. మర్నాడు వచ్చిన వార్తల్లో దురదృష్టం, పొరపాటు, పాపం అనే మాటలే చూశాను నేను. అక్కడ బర్డ్ బదులు మ్యాక్స్ ఉండి ఉంటే? పొరపాటు అనే మాట అతనికి ఎవరూ వాడరు.

శంషాబాద్_సర్వీస్‌రోడ్
ఆ రేసు కోసం ఎన్టీఆర్ మార్గ్, సెక్రటేరియట్ చుట్టూ రోడ్లు మూసేసి జనాన్ని ఎంత ఏడిపించారో అది కూడా చెప్పండి. 2024లో రెండోసారి జరగకుండా రద్దయింది, మంచిదే అయింది.

ఖైరతాబాద్_కార్నర్
మంచిదా? మన ఊళ్లో ప్రపంచ స్థాయి రేసు జరిగింది అన్నా! గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఎఫ్1 2011 నుంచి 2013 దాకా మూడు రేసులకే ఆగిపోయింది, మనకు ఒక్కటే దక్కింది. ట్రాఫిక్ అంటే గణేశ్ నిమజ్జనానికి కూడా మూస్తారు అదే రోడ్లు, సర్దుకుంటాం కదా.

పచ్చజెండా
టాపిక్‌కు రండి. బర్డ్‌కూ మ్యాక్స్‌కూ తేడా ఉంది, బర్డ్ బ్రేక్ అంచనా తప్పాడు, మ్యాక్స్ రూల్‌బుక్ చదివి మరీ చేస్తాడు. 2024 నాటి గైడ్‌లైన్స్ ప్రకారం బయట నుంచి దాటేవాడి ముందు చక్రాలు ఏపెక్స్ (మలుపు లోపలి అంచు) దగ్గర అవతలి కారు కంటే ముందుండాలి, అప్పుడే అతనికి చోటు వదలాలి. మ్యాక్స్ లోపల ఉండి బ్రేక్ ఆలస్యంగా వేస్తాడు, ఏపెక్స్‌కు తనే ముందు చేరతాడు, ఇద్దరూ కలిసి ట్రాక్ బయటకు పోతారు, అవతలివాడికి హక్కు లేదు. ఆస్టిన్ 2024లో 12వ మలుపు దగ్గర ఇదే జరిగి నోరిస్‌కే 5 సెకన్లు పడ్డాయి. వారం తిరిగేసరికి మెక్సికోలో అదే పని చేయబోతే నాలుగో మలుపు దగ్గర నోరిస్ ముందున్నాడు, ఎనిమిదో దగ్గర ఇద్దరూ బయటకు పోయారు, మ్యాక్స్‌కు రెండు 10 సెకన్లు కలిపి 20, రేసులో ఆరో స్థానం. ఇది ఇక్కడ ఎంతమందికి తెలుసు? తెలియకుండా పాస్‌పోర్ట్ అంటారు.

లేట్‌బ్రేక్_లింగంపల్లి
అందరికీ తెలుసు సార్, మీరొక్కరే చదువుకోలేదు. రూల్‌లో ఉన్న చోటు వాడుకోవడం నేరం ఎప్పుడైంది? రూల్ బాగా లేకపోతే రూల్ రాసినవాణ్ని తిట్టాలి. ఇక మెక్సికో అన్నారు కాబట్టి, ఆ రోజు స్టీవర్డ్‌ల ప్యానెల్‌లో ఎవరున్నారో చెప్పండి. మాజీ బ్రిటిష్ డ్రైవర్ జానీ హెర్బర్ట్! తీర్పు ఇచ్చేదీ అతనే, తర్వాత మీడియాలో కూర్చుని మ్యాక్స్ ఎలా నడపాలో విమర్శించేదీ అతనే. 2025 జనవరిలో ఎఫ్ఐఏ అతన్ని తప్పించింది, స్టీవర్డ్ పని, మీడియా విశ్లేషకుడి పని రెండూ పొసగవని. మీడియాకూ స్టీవర్డ్‌లకూ మధ్య గోడ లేదని మేం చెప్పినప్పుడు ఫ్యాన్స్ పిచ్చి అన్నారు. చివరికి ఎఫ్ఐఏనే ఒప్పుకుంది.

టోలిచౌకి_టిఫోసి
ఇది సరైన పాయింట్, హెర్బర్ట్ విషయంలో నీతో నేనూ ఏకీభవిస్తాను. కానీ ఆ 20 సెకన్లు తప్పని మాత్రం అనను, నలుగురు స్టీవర్డ్‌లు కలిసి డేటా చూసి ఇచ్చిన తీర్పు అది.

నాచారం_నైట్‌షిఫ్ట్
నా రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

తార్నాక_అక్క
స్టీవర్డ్‌ల తీర్పు పత్రాలు చదువు నాన్నా. ఎఫ్ఐఏ వెబ్‌సైట్‌లో ప్రతి రేసువీ పెడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఒక్క పేజీ ఉంటుంది, ఏ టైమ్, ఏ మలుపు, ఏ నియమం, ఎందుకు శిక్ష అన్నీ అందులో ఉంటాయి. అది చదివాక వార్త చదువు. వార్త రాసినవాడు ఏది వదిలేశాడో నీకే కనిపిస్తుంది. బార్సిలోనా మొదటి మలుపు సంగతి నాకు అలాగే తెలిసింది.

ఉప్పల్_గ్యాలరీ
మన మీడియా కూడా తక్కువ కాదు. 2012 మలేసియాలో మన డ్రైవర్ నరైన్ కార్తికేయన్, అప్పటి చాంపియన్ వెటెల్ తగులుకున్నప్పుడు వెటెల్ టైరు పేలింది, పాయింట్లు పోయాయి, నరైన్‌ను ఇడియట్ అన్నాడు. ఇక్కడి చానెళ్లు రెండు రోజులు ఊగిపోయాయి మన వాణ్ని అంటాడా అని. స్టీవర్డ్‌లు 20 సెకన్లు వేసింది నరైన్‌కే అన్న సంగతి ఎవరు చెప్పారు?

లేట్‌బ్రేక్_లింగంపల్లి
ఎఫ్1 పెద్దగా చూడనన్నావు, నరైన్ సంగతి ఎలా తెలుసు భాయ్?

ఉప్పల్_గ్యాలరీ
మా అన్న చెన్నైలో కార్టింగ్ చేసేవాడు, ఇంట్లో గోడ నిండా నరైన్ పోస్టర్లే.

పచ్చజెండా
నరైన్‌కు వేసిన 20 సెకన్లు అన్యాయం. వెటెల్ దాటేశాక తొందరపడి ఎడమకు కోశాడు, నరైన్ ఎక్కడికి పోతాడు? వీడియో మళ్లీ చూడండి.

టోలిచౌకి_టిఫోసి
ఇంతసేపూ స్టీవర్డ్ మాటే వేదం అన్నట్టు మాట్లాడింది మీరే కదా పచ్చజెండా గారూ. డ్రైవర్ మనవాడు కాగానే స్టీవర్డ్ తప్పయిపోయాడా?

పచ్చజెండా
రెండు కేసులూ వేరు. బార్సిలోనాలో టెలిమెట్రీ (కారు నుంచి వచ్చే డేటా) ఉంది, యాక్సిలరేటర్ తొక్కింది కనిపిస్తుంది. మలేసియాలో తడి ఆరుతున్న ట్రాక్, అందరూ నడిపే గీత బయట జారుడు. రాత్రి డ్యూటీ అయ్యాక రెండు ఆన్‌బోర్డ్‌లూ (కారు మీది కెమెరా వీడియోలు) పక్కపక్కన పెట్టి కొత్త చర్చ తెరుస్తాను, అక్కడికి రండి.

లేట్‌బ్రేక్_లింగంపల్లి
తెరవండి. మెక్సికో నాలుగో మలుపు ఆన్‌బోర్డ్ కూడా పెట్టండి, నోరిస్ చక్రం ఎక్కడుందో ఫ్రేమ్ ఆపి చూద్దాం.