సమస్యాపూరణం: "రెండు గలసి మ్రోగ నొండు లేదు"

నిర్వాహకులు, నల్లగొండ: ఈ వారం ఆటవెలది నాలుగవ పాదాన్ని సమస్యగా ఇస్తున్నాము, సబ్‌వూఫర్ (బేసును, అంటే మంద్రస్వరాలను, పలికించే స్పీకరు) ఫేజును, అంటే దాని కంపనాల వరుసను, మెయిన్ స్పీకర్లతో కలపడమే విషయం. "విద్వద్గద్వాల" అని పేరు పొందిన గద్వాల సంస్థానం మన పొరుగున పాలమూరు సీమలోనిదే కనుక, విషయం కొత్తదైనా ఛందస్సులో సడలింపు లేదు. ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాల ప్రాస) చెల్లుతుంది.

మిర్యాలగూడ సభ్యులు:

ఒకటి నెట్టు గాలి నొకటి లాగిన వేళ
నెనుబదైన హెర్ట్జు లెదురుపడగ
హద్దు మీద నిలిచి రద్దగు నాదమ్ము
రెండు గలసి మ్రోగ నొండు లేదు

నిర్వాహకులు: "హద్దు మీద" అన్న మాటే ఈ పూరణకు ప్రాణం. సబ్‌వూఫరూ మెయిన్ స్పీకర్లూ కలిసి పలికేది క్రాసోవర్ (రెండింటికీ స్వరాలను పంచే హద్దు, ఇక్కడ 80 హెర్ట్జులు) పరిసరాల్లోనే కనుక ఫేజు తగవు అక్కడే పుడుతుంది; 30 హెర్ట్జుల దగ్గర సబ్‌వూఫర్ దాదాపు ఒంటరిగానే మ్రోగుతుంది. 80 హెర్ట్జుల తరంగం పొడవు గాలిలో సుమారు 4.3 మీటర్లు, అందులో సగం, అంటే 2.15 మీటర్ల దూరభేదం ఉంటే చాలు, ఒకటి నెట్టే గాలిని మరొకటి లాగుతుంది. అయితే పూర్తిగా రద్దు కావాలంటే రెండింటి బలమూ సమానంగా ఉండాలి. పద్యంలో ఆ అతిశయోక్తి చెల్లుతుంది.

దేవరకొండ సభ్యులు:

తీగ తారుమారు తగిలించినారయ్య
ప్లస్సు వైరు మారి పల్టి కొట్ట
నూట యెనుబదయ్యె నోరెత్తదే బేసు
రెండు గలసి మ్రోగ నొండు లేదు

నిర్వాహకులు: మూడవ పాదం బాగుంది; నూట యెనుబది డిగ్రీలంటే ఫేజు పూర్తిగా ఎదురు తిరగడమే. మొదటి పాదంలో "తీ"కి "త"తో యతి కుదరదు. "తీగ తారుమారు తీరున బిగియింప" అంటే సరిపోతుంది. ఇళ్ళలోని సబ్‌వూఫర్లకు చాలావరకు సొంత యాంప్లిఫయర్ ఉంటుంది కనుక, తీగ మారేది సాధారణంగా మెయిన్ స్పీకర్ల దగ్గరే. రెండు స్పీకర్లకూ మారితే అవి తమలో తాము ఏకమై సబ్‌వూఫర్‌కు ఎదురు నిలుస్తాయి. ఒక్కదానికే మారితే సబ్‌వూఫర్ లేకున్నా బేసు పలచబడుతుంది. అందువల్ల సబ్‌వూఫర్ మీది ఫేజు నాబు ముట్టుకునే ముందు తీగలు చూడాలి.

మహబూబ్‌నగర్ సభ్యులు:

నాబు మెల్లగాను నాన్న తిప్పుచు నుండ
కుర్చిలోన నేను గుర్తు పట్ట
హెచ్చు మ్రోత కాడ మచ్చుకైనను తేడ
రెండు గలసి మ్రోగ నొండు లేదు

నిర్వాహకులు: సమస్యలోని లోపాన్ని "తేడ"కు అంటగట్టి, లేమినే మేలుగా మార్చిన ఈ పూరణ మాకు అన్నింటికన్నా నచ్చింది. వినేవారు కుర్చీలోనే ఉండటం శాస్త్రానికీ సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే సబ్‌వూఫర్ పక్కన కూర్చొని తిప్పినవారికి కుర్చీ దగ్గరి కలయిక వినిపించదు.

మిర్యాలగూడ సభ్యులు: ఒక్క మనవి. హెచ్చు మ్రోతను చెవి పట్టడం కష్టం, శిఖరం వెడల్పుగా ఉంటుంది. మెయిన్ స్పీకర్లు రెండింటి తీగలనూ కావాలనే తారుమారు చేసి, 80 హెర్ట్జుల స్వరం వినిపిస్తూ, మ్రోత అన్నింటికన్నా తగ్గిన చోట నాబు నిలిపి, తర్వాత తీగలు సరిచేస్తే గురి బాగా కుదురుతుంది.

నిర్వాహకులు: అంగీకరిస్తున్నాము. అయితే ఆ గురి 80కే. క్రాసోవర్‌ను 100కు మార్చినా, కుర్చీని జరిపినా నాబును మళ్ళీ తిప్పి చూడవలసిందే.