ఎత్తు వేశాక వెనక్కి తీసుకోవాలా, ప్రతి ఎత్తుకీ కొత్త బోర్డు తయారు చేయాలా?

నల్లపావు:

టిక్-టాక్-టో, కనెక్ట్ ఫోర్, ఒథెల్లో లాంటి ఇద్దరాడే ఆటలకు ప్రోగ్రాం రాయడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల కోడ్ చాలా చదువుతుంటాను. దాదాపు అందరిదీ ఒకటే పద్ధతి. బోర్డు ఒక్కటే ఉంటుంది. దాని మీద ఎత్తు వేస్తారు, మినీమాక్స్‌ని (మన వంతులో ఎక్కువ స్కోరు, ఎదుటివాళ్ల వంతులో తక్కువ స్కోరు ఎంచుకుంటూ ముందు ఎత్తులన్నీ చూసే ఫంక్షన్‌ని) పిలుస్తారు, తిరిగి వచ్చాక ఆ ఎత్తు చెరిపేస్తారు. పాఠాల్లో కూడా ఇలాగే చెబుతున్నారు. చిన్న ఆటలకు ఇది నేర్పకూడదని నేనంటాను. ఎత్తు వేసే ఫంక్షన్ పాత బోర్డును ముట్టుకోకుండా కొత్త బోర్డు తయారు చేసి ఇవ్వాలి. అన్‌డూ అనే, అంటే వేసిన ఎత్తు చెరిపే, ఫంక్షనే ఉండకూడదు.

ఎందుకంటే ఈ బగ్ పదే పదే కనిపిస్తోంది. ఆల్ఫా-బీటా (ఫలితం మార్చని దారులను మధ్యలోనే కత్తిరించే పద్ధతి) కలిపినప్పుడు లూప్ ఇలా ఉంటుంది: ఎత్తు వేయి, స్కోరు తెచ్చుకో, స్కోరు బీటా అనే పైహద్దు దాటితే అక్కడే రిటర్న్ అయిపో, దాటకపోతే ఎత్తు చెరుపు. చదివితే అంతా సరిగ్గానే అనిపిస్తుంది. కానీ రిటర్న్ అయిపోయిన దారిలో చెరిపే లైన్ నడవదు. ఎవరూ వేయని పావు ఒకటి బోర్డు మీద మిగిలిపోతుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ రాదు. ఖాళీగా ఉన్న గడిని నిండిందనుకుని పిచ్చి ఎత్తులు వేస్తుందంతే. తప్పు ఒకచోట ఉంటే దాని ఫలితం ఇంకెక్కడో బయటపడుతుంది. నేర్చుకునేవాళ్లు స్కోరు లెక్కలో తప్పుందేమోనని గంటలు గంటలు వెతుక్కుంటారు.

కాపీ చేస్తే స్లో అవుతుందంటారు. లెక్క చూడండి. టిక్-టాక్-టోలో ఖాళీ బోర్డు నుంచి ఏ కత్తిరింపూ లేకుండా మినీమాక్స్ మొత్తం నడిపితే ఖాళీ బోర్డుతో కలిపి 5,49,946 నోడ్లు (చూడాల్సిన బోర్డులు) తగులుతాయి. వాటిలో వేర్వేరు స్థితులు 5,478 మాత్రమే. మిగతావన్నీ వేరే వరుసలో వచ్చిన అవే బోర్డులు. స్థితి మారని విలువైతే దాన్నే డిక్షనరీలో కీగా పెట్టి, ఒకసారి వేసిన లెక్క మళ్లీ వేయకుండా చూసుకోవచ్చు. అంటే పని దాదాపు వంద రెట్లు తగ్గుతుంది. తొమ్మిది గడుల కాపీ ఖర్చు దీని ముందు ఎంత?

గడిలెక్క:

నల్లపావు గారూ, ఆ బగ్ నిజమే. కానీ స్కోరు రాగానే, బీటాతో పోల్చకముందే ఎత్తు చెరిపేస్తే సరిపోతుంది కదా. ఒక లైన్ పైకి జరిపితే పోయే బగ్ కోసం పద్ధతినే వదిలేయమంటున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకండీ?

పైగా కాపీలో గోతులు లేవన్నట్టు రాశారు. పైథాన్‌లో బోర్డును లిస్టుల లిస్టుగా పెట్టుకున్నవాళ్లు కాపీ అనుకుని బయటి లిస్టును మాత్రమే కాపీ చేస్తారు. లోపలి వరుసలు పాతవే. కొత్త బోర్డు మీద పావు పెడితే పాత బోర్డు మీద కూడా పడుతుంది. ఇది మీరు చెప్పిన దానికంటే పట్టుకోవడం కష్టం, ఎందుకంటే కోడ్‌లో 'కాపీ' అన్న మాట కళ్లెదుటే కనిపిస్తూ ఉంటుంది.

ఇంకోటి. నేర్చుకునేవాళ్లు టిక్-టాక్-టో దగ్గరే ఉండిపోరు, రేపు చెస్‌కి వెళ్తారు. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్‌లో (చెస్ ఆడే ప్రోగ్రాంలో) ఎత్తు వేయడానికి ఒక ఫంక్షన్, వెనక్కి తీసుకోవడానికి ఒక ఫంక్షన్ జంటగా ఉంటాయి. సెకనుకు లక్షల స్థితులు చూడాల్సిన చోట ప్రతిదానికీ మొత్తం బోర్డు కొత్తగా తయారు చేస్తూ కూర్చోలేం. ఎలాగూ నేర్చుకోవాల్సిన పద్ధతిని మొదటి ఆటలోనే నేర్చుకుంటే తప్పేంటి?

ఎత్తుకు పైఎత్తు:

మీ ఇద్దరూ ఏ ఆట అన్నది వదిలేసి వాదిస్తున్నారు. చెరపడం ఎంత కష్టమన్నది ఆటను బట్టి మారుతుంది.

టిక్-టాక్-టోలో గడి ఖాళీ చేస్తే చాలు. కనెక్ట్ ఫోర్‌లో నిలువు వరుస పైనున్న పావు తీసేస్తే చాలు. ఒథెల్లోకి రండి. ఒక పావు పెట్టగానే ఎనిమిది దిక్కుల్లో మధ్యలో ఇరుక్కున్న ఎదుటివాళ్ల పావులన్నీ రంగు మారతాయి. ఇప్పుడు ఆ ఎత్తు చెరపండి చూద్దాం. పెట్టిన పావు తీసేస్తారు, సరే. ఆ వరుసలో ఉన్న నల్లపావుల్లో ఏవి ఇప్పుడు తిరిగాయి, ఏవి ముందునుంచీ నల్లవే? బోర్డు చూసి చెప్పలేరు. తిప్పిన గడుల జాబితాను ఎత్తు వేసేటప్పుడే దాచుకోవాలి.

కలాహ్‌లో అయితే మరీ ఇబ్బంది. అది వామనగుంటల్లాంటి ఆట, ఒక్కొక్కరికి ఆరు గుంటలు, ఒక ఖజానా. ఒక గుంటలోని గింజలు తీసి వరుసగా పంచుతాం, ఎదుటివాళ్ల ఖజానా మాత్రం వదిలేస్తాం. చుట్టు మొత్తం 13 చోట్లు. గుంటలో సరిగ్గా 13 గింజలుంటే చివరి గింజ బయల్దేరిన గుంటలోనే పడుతుంది. అది అప్పటికి ఖాళీ కాబట్టి, ఎదురు గుంటలోని గింజలు కూడా మనవే అవుతాయి. దీన్ని వెనక్కి తిప్పే కోడ్ రాయడం కంటే 14 అంకెలను కాపీ చేసుకోవడం హాయి. తప్పు జరిగే అవకాశమూ తక్కువ.

గడిలెక్క గారు చెస్ ఉదాహరణ ఇచ్చారు కాబట్టి ఒక మాట. చెస్‌లో రాజు ఒక గడి కదిలి, మీరు ఆ ఎత్తు వెనక్కి తీసుకున్నారనుకోండి. రాజు తన చోటికి వచ్చేశాడు. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) హక్కు ముందు ఉందా, లేదా? ఎత్తు చూసి చెప్పలేం. ఆన్‌పాసాన్ గడి (రెండు గడులు దూకిన బంటును పక్క బంటు చంపగల గడి), 50 ఎత్తుల లెక్క (చంపడం, బంటు కదలడం లేకుండా ఎన్ని ఎత్తులయ్యాయన్నది), చంపిన పావు ఏదన్న సంగతి కూడా అంతే. అందుకే స్టాక్‌ఫిష్ కూడా వీటిని ప్రతి ఎత్తుకీ ఒక చిన్న రికార్డులో విడిగా పెట్టి, దాన్ని వెనకటి రికార్డుకు గొలుసులా కలుపుతుంది. చెరిపే పద్ధతికి పెద్ద ఉదాహరణగా చూపించే ఇంజిన్ కూడా స్థితిలో కొంత భాగాన్ని ఎత్తు ఎత్తుకీ కొత్తగా దాచుకుంటోంది.

బిట్‌వరుస:

బోర్డును గడుల పట్టికగా ఊహించుకోవడం వల్లే కాపీ భయం. ఆటను సంఖ్యల్లోకి దించితే కాపీ అన్న సమస్యే రాదు.

టిక్-టాక్-టోకి ఒక్కో ఆటగాడికి 9 బిట్లు. గెలిచే గీతలు ఎనిమిది: 7, 56, 448, 73, 146, 292, 273, 84. ఆటగాడి సంఖ్యను వీటిలో దేనితోనైనా ఆండ్ చేస్తే (రెండింటిలోనూ 1 ఉన్న బిట్లే మిగిలిస్తే) ఆ గీత సంఖ్యే తిరిగి వస్తే గెలిచినట్టు.

కనెక్ట్ ఫోర్ ఇంకా అందంగా ఉంటుంది. ఏడు నిలువు వరుసలు, ఒక్కోదానిలో ఆరు గడులు. కానీ వరుసకు 7 బిట్ల చొప్పున 49 బిట్లు తీసుకోవాలి. పైనున్న ఏడో బిట్ ఎప్పుడూ సున్నాయే. దండగ అనిపిస్తుంది కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. 42 బిట్లలో సర్దేస్తే ఒక వరుస పైరెండు గడులూ, పక్క వరుస కిందిరెండు గడులూ పక్కపక్క బిట్లయిపోతాయి. నాలుగు కలిశాయని ప్రోగ్రాం లేని గెలుపు ప్రకటిస్తుంది. ఆ ఖాళీ బిట్ గోడలా అడ్డం ఉంటే ఆ గొడవ లేదు. గెలుపు చూడాలంటే సంఖ్యను 1 బిట్ జరిపి దానితోనే ఆండ్, వచ్చినదాన్ని 2 బిట్లు జరిపి మళ్లీ ఆండ్. సున్నా కాకపోతే నిలువుగా నాలుగు కలిసినట్టు. అడ్డానికి 7, 14. ఐమూలలకు 6, 12 ఒకవైపు, 8, 16 ఇంకోవైపు. లూపులు లేవు, అంచు దాటామా అన్న తనిఖీలూ లేవు.

పావు వేయడం ఒక కూడిక. నిండిన గడుల సంఖ్యకు ఆ వరుస అడుగు బిట్‌ను కలిపితే, మిగులు పైకి పాకి మొదటి ఖాళీ గడిలో ఆగుతుంది. దాన్ని పాత సంఖ్యతో ఆర్ చేస్తే (ఏ ఒక్కదానిలో 1 ఉన్నా ఆ బిట్ ఉంచేస్తే) కొత్త బోర్డు సిద్ధం. స్థితి మొత్తం రెండు 64 బిట్ల సంఖ్యలు, అంటే 16 బైట్లు. వీటిని ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లుగా పంపిస్తే చాలు. కాపీ చేశామన్న సంగతి మనకే గుర్తుండదు.

మొదటి గింజ:

నేను ఇప్పుడే మొదలుపెడుతున్నానండీ, కలాహ్ రాద్దామనుకుంటున్నా. ఒక సందేహం. ఎవరి వంతో కూడా స్థితిలో పెట్టాలా? పావులు లెక్కపెడితే తెలిసిపోతుందని ఒక పాఠంలో చదివాను.

నల్లపావు:

పెట్టాలండీ, తప్పకుండా. ఆ పాఠం చెప్పింది టిక్-టాక్-టోకి, కనెక్ట్ ఫోర్‌కి మాత్రమే నిజం. ఒథెల్లోలో వేయడానికి చోటు లేకపోతే వంతు వదులుకోవాలి, అప్పుడు పావుల లెక్క వంతు చెప్పదు. మీ కలాహ్‌లో చివరి గింజ సొంత ఖజానాలో పడితే అదే ఆటగాడికి ఇంకో ఎత్తు వస్తుంది. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. నెగామాక్స్‌లో (ఇద్దరు ఆటగాళ్లకూ ఒకే కోడ్ వాడే మినీమాక్స్‌లో) ప్రతి మెట్టుకీ స్కోరు గుర్తు తిప్పేస్తారు, అవతలివాళ్ల లాభం మనకు నష్టమని. వంతు మారనప్పుడు కూడా తిప్పితే ప్రోగ్రాం తన మంచి ఎత్తును చెడ్డదిగా లెక్కేస్తుంది. కొత్త స్థితిలో ఉన్న వంతును పాత స్థితిలో ఉన్న వంతుతో పోల్చి, మారితేనే గుర్తు తిప్పండి. ఆల్ఫా, బీటాలను తారుమారు చేసి పంపడం కూడా అప్పుడే. పాత స్థితి, కొత్త స్థితి రెండూ చేతిలో ఉంటే ఈ పోలిక ఒక్క లైన్. బోర్డు ఒక్కటే ఉంటే పాత వంతును ముందే విడిగా దాచుకోవాలి.

బిట్‌వరుస గారి పద్ధతి నా వాదనకే బలం. కానీ మొదటిసారి రాసేవాళ్లకు దాన్ని ఇవ్వను. ఆట నియమాలు చదవగానే అర్థమయ్యేలా కోడ్ ఉండాలి. తొమ్మిది గడుల ట్యూపుల్ (మార్చలేని జాబితా) చూస్తే బోర్డు కనిపిస్తుంది, 273 చూస్తే కనిపించదు.

గడిలెక్క:

కలాహ్, ఒథెల్లోల విషయంలో ఎత్తుకు పైఎత్తు గారి మాట ఒప్పుకుంటున్నా. కానీ కీగా వాడాలంటే స్థితి మారకూడదన్న మొదటి వాదన నిలవదు. 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ చూపించిన పద్ధతి ఉంది. ఏ పావు ఏ గడిలో అన్నదానికి ఒక్కో యాదృచ్ఛిక సంఖ్య ముందే ఇచ్చుకుంటాం, బోర్డు మీదున్న వాటన్నిటినీ ఎక్సార్ చేస్తే (బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 వచ్చేలా కలిపితే) అదే కీ. పావు పెడితే ఒక ఎక్సార్. తీసేస్తే మళ్లీ అదే ఎక్సార్. వేసేదీ చెరిపేదీ ఒకే పని. మారే బోర్డుతోనే పాత లెక్కలన్నీ దాచుకోవచ్చు.

అన్‌డూ సరిగ్గా రాశామో లేదో చూసుకునే దారీ ఉంది. చెస్ రాసేవాళ్లు మొదటి స్థితి నుంచి ఇన్ని ఎత్తుల లోతుకు ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టిస్తారు: 20, 400, 8,902, 1,97,281. ఒక్క అంకె తేడా వచ్చినా ఎత్తులు పుట్టించే కోడ్‌లోనో, చెరిపే కోడ్‌లోనో బగ్ ఉన్నట్టే. ఈ పరీక్ష పెట్టుకునే అలవాటుంటే చెరిపే ఫంక్షన్‌లోని తప్పులు చాలావరకు మొదటి రోజే దొరికిపోతాయి.

బిట్‌వరుస:

జోబ్రిస్ట్ కీ అంటే రెండు వేర్వేరు బోర్డులకు ఒకే సంఖ్య వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చెస్‌లో వేరే దారి లేక ఒప్పుకుంటాం. చిన్న ఆటల్లో ఒప్పుకోనక్కర్లేదు. కనెక్ట్ ఫోర్‌లో సాధ్యమైన స్థితులు నాలుగున్నర లక్షల కోట్లకు పైనే, అయినా ప్రతిదానికీ దాని సొంత కీ ఉంది: ఇప్పుడు ఆడబోయేవాళ్ల పావుల సంఖ్యను నిండిన గడుల సంఖ్యతో కూడితే వచ్చేది. 49 బిట్లే, ఏ రెండూ కలవవు. టిక్-టాక్-టోని 0, 1, 2 అనే మూడే అంకెలు వాడే మానంలో, గడికో అంకె చొప్పున రాస్తే 19,683 గడుల మామూలు అర్రే చాలు, డిక్షనరీ కూడా అక్కర్లేదు.

ఎత్తుకు పైఎత్తు:

మూడో దారి ఎవరూ చెప్పలేదు. మాంటే కార్లో పద్ధతిలో ఒక స్థితి నుంచి చివరిదాకా యాదృచ్ఛికంగా ఆడిస్తాం కదా. అక్కడ మొదట్లో ఒక్కసారి కాపీ చేసి, ఆ కాపీ మీదే ఆట అయ్యేదాకా వరుసగా ఎత్తులు వేసుకుంటూ పోవచ్చు. మధ్యలో కాపీ లేదు, చెరపడమూ లేదు. అయ్యాక ఆ బోర్డును పారేయడమే. నల్లపావు గారి నియమం ప్రకారం ఇది తప్పు, కానీ అక్కడ సరైన పద్ధతి ఇదే.

నల్లపావు:

ఆ బోర్డు ఆ ఒక్క ఫంక్షన్ దాటి బయటికి రానంతవరకు నాకూ అభ్యంతరం లేదు. పిలిచినవాళ్ల బోర్డు మారకూడదన్నదే నా పట్టుదల. చెస్ దాకా వెళ్లినవాళ్లకు అన్‌డూ కావాలంటే అప్పుడు నేర్చుకోవచ్చు. మొదటి ఆటలోనే దాన్ని ఎత్తుకోమనడం మాత్రం ఒప్పుకోను.

గడిలెక్క:

నేనూ మారలేదు. టిక్-టాక్-టోలో చెరపడం ఒక్క లైన్. ఆ సులువైన చోటే అలవాటు చేసుకోకపోతే, క్యాస్లింగ్ హక్కులు చేరాక ఇంకెప్పుడు చేసుకుంటారు? కానీ మొదటి గింజ గారూ, మీది కలాహ్ కాబట్టి మీరు మాత్రం కాపీయే చేయండి. 14 అంకెలు, చివర వంతుకు ఒకటి, మొత్తం 15 అంకెల ట్యూపుల్. గుంటకు 4 గింజలతో మొదలైతే ఆట ముగిసేదాకా ఆ 14 అంకెల మొత్తం 48 దాటకూడదు, తగ్గకూడదు. ఎత్తు వేసే ఫంక్షన్ చివర ఆ కూడిక సరిచూసే లైన్ ఒకటి పెట్టుకోండి. 13 గింజల కేసును విడిగా ఒక టెస్టుగా రాయండి. ఖజానా దాటేసే లెక్కలో తప్పుంటే ఎక్కువగా అక్కడే బయటపడుతుంది.