వన్‌టౌన్‌లో పాత పప్పుల గోడౌన్: నలుగురూ కలిసే చోటుగా మార్చినవాళ్లు ఉన్నారా?

వన్‌టౌన్ మనవరాలు
విజయవాడ వన్‌టౌన్‌లో మా తాతగారి నాటి పప్పుల గోడౌన్ ఉంది. హోల్‌సేల్ కిరాణా వ్యాపారులు గొల్లపూడి కాంప్లెక్సుకు వెళ్లిపోయాక మా దగ్గర అద్దెకున్న సేటుగారూ ఖాళీ చేశారు. అప్పట్నుంచి తాళమే. తలుపు తీస్తే ఇప్పటికీ ఇంగువ, గోనెసంచుల వాసన. బ్రోకర్లేమో పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టమంటున్నారు.

మా సందులో తెలుగువాళ్లతో పాటు మార్వాడీలు, గుజరాతీలు, ముస్లింలు, రెండు తమిళ కుటుంబాలు, బంగారం పని చేసే బెంగాలీ కుర్రాళ్లు, ప్లైవుడ్ పనికొచ్చిన బీహారీలు ఉన్నారు. సాయంత్రమైతే అందరూ మూసిన షట్టర్ల ముందే కూర్చుంటారు, కానీ ఎవరి గుంపు వాళ్లది. కింద హాలు అందరూ వాడుకునేలా చేద్దామని నేనూ అక్కా అనుకుంటున్నాం. నాన్నేమో పుణ్యానికి పోతే పాపం ఎదురొస్తుందంటున్నారు. కప్పు మద్రాస్ టెర్రేస్, రెండు చోట్ల కారుతోంది. దేంతో మొదలుపెట్టాలి?

గానుగ సున్నం
కప్పుతోనే. మేస్త్రీ వచ్చి పైన సిమెంట్ పూసేద్దామంటాడు, ఒప్పుకోకండి. మద్రాస్ టెర్రేస్ అంటే టేకు దూలాలు, వాటి మీద నిలబెట్టి పేర్చిన పలచటి ఇటుకలు, ఆపైన సున్నం. సున్నం తడి పీలుస్తుంది, మళ్లీ ఆరబెడుతుంది. సిమెంట్ వేస్తే ఆ తడి బయటికి పోలేక దూలంలోకి దిగుతుంది. పైగా బరువు. గానుగలో నూరిన సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి చేసే పాతకాలపు మేస్త్రీలు తక్కువే అయినా వెతికితే దొరుకుతారు.

ఇంకో మాట. దూలం మధ్యలో చూసి బాగుందనుకోకండి. గోడలోకి దూరే చివర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. బిస్కెట్‌లోకి దిగినట్టు దిగితే ఆ దూలం మార్చాల్సిందే. పిట్టగోడలో రావి మొక్క ఉంటే పైపైన కోస్తే లాభం లేదు, వేరు దాకా తవ్వాలి. ఫ్రెండ్స్‌ని పిలిచి ‘క్లీనింగ్ డే’ పెట్టకముందే ఇదంతా చూసుకోండి. చీపురు పట్టుకున్న పిల్లల నెత్తిన పెచ్చులు ఊడిపడితే తమాషాగా ఉండదు.

లెక్కల మాస్టారు
కప్పు కంటే ముందు కాగితాలమ్మా. ఆస్తి మీ నాన్నగారి పేర ఉందా, ఇంకా తాతగారి పేరే నడుస్తోందా? ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. బాబాయిలు, మేనత్తలు ఉంటే ముందే చెప్పండి, రంగులు వేశాక చెబితే పేచీ వస్తుంది. మీ సొంత పేరున నడపకుండా సొసైటీ పెట్టుకోండి. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర పని. సొసైటీకి లీజు ఇస్తే రిజిస్టర్ చేయించాలి. దాన్ని తప్పించుకోవడానికని మన ఊళ్లో అందరూ 11 నెలల అగ్రిమెంట్ రాసుకుంటారు గానీ, మన రాష్ట్రంలో ఏడాదిలోపు లీజుకీ రిజిస్ట్రేషన్ కావాలి. కరెంటు మీటరు కమర్షియల్‌లోనే ఉండుంటుంది, పాత బకాయిలు ఉన్నాయేమో చూడండి.

గుంటూరు పిన్ని
మాస్టారు చెప్పినవన్నీ మేమూ చేశాం. అయినా మొదటిసారి మూతపడింది. అదీ చెబుతాను విను అమ్మాయ్.

కొత్తపేటలో తెలిసినవాళ్ల పాత ప్రింటింగ్ ప్రెస్ షెడ్డు తీసుకుని ఉగాదికి తెరిచాం. షామియానా, మైకు, పచ్చడి, అన్ని భాషల్లో పాటలు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆషాఢానికల్లా పిల్లి కూడా రావడం లేదు. ఎందుకో తెలుసుకోవడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

మొదటిది తాళం. అది ఒకాయన ఇంట్లో ఉండేది. ఆయన మంచివాడే. కానీ వేరే వీధి ఆవిడ ఆయన గుమ్మం ముందు నిలబడి తాళం అడగాలంటే బిడియం కదా. తరవాత మూడు తాళాలు చేయించి టైలర్‌కి, కిరాణా కొట్టుకి, చర్చి పక్కనున్న టీచరమ్మకి ఇచ్చాం.

రెండోది వంట. ఎవరో ఆదివారం అవే గిన్నెల్లో చికెన్ బిర్యానీ వండారు. జైనుల ఇళ్ల ఆడవాళ్లు ఏమీ అనలేదు, రావడం మానేశారు. వాళ్లు ఉల్లీ వెల్లుల్లీ తినరని తెలుసు గానీ, పొద్దుగూకాక చాలామంది భోజనమే చేయరని నాకప్పటిదాకా తెలీదు. మేమేమో ఏడున్నరకి భోజనాలకు పిలిచేవాళ్లం! వంట పూర్తిగా ఎత్తేశాం. ఇప్పుడు టీ ఒక్కటే, కార్యక్రమాలు నాలుగింటికి.

మూడోది చెబితే నవ్వుతావు. బాత్రూమ్‌కి గొళ్లెం లేదు. ఆడవాళ్లు గంట కూర్చుని లేచిపోయేవాళ్లు. మా మగవాళ్లేమో ‘ప్రోగ్రాంలు ఆసక్తిగా లేవేమో’ అని మీటింగులు పెట్టారు.

సింగ్‌నగర్ వాసి
2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు ముంచినప్పుడు మా వీధిలో మేడ ఉన్న పాత గోడౌనొకటి తాళం పగలగొట్టి ఎక్కాం. మూడు రాత్రులున్నాం. తిండి అయిపోయాక బీహార్ కుర్రాళ్లు సంచిలోంచి వేయించిన శనగల పిండి తీశారు, సత్తు అంటారట. ఉప్పు, నిమ్మకాయ వేసి నీళ్లలో కలిపి ముందు మా పిల్లలకు ఇచ్చారు. మా చిన్నది ఇప్పటికీ సత్తు అడుగుతుంది. నీళ్లు తీశాక ఓనరు కొత్త తాళం వేశాడు, పాత తాళం డబ్బులు కూడా అడిగాడు. మీరు తెరుస్తానంటే సంతోషమే గానీ, మెట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి.

మైకంటే భయం
పక్కింటివాడిగా నా బాధ కూడా వినండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని రూలు. మా దగ్గర ఒక హాలువాళ్లు గర్బాకీ, భజనకీ, బర్త్‌డేకీ అదే సౌండు. సందులో గోడకీ గోడకీ మధ్య శబ్దం తిరుగుతూనే ఉంటుంది.

వన్‌టౌన్ మనవరాలు
అందరికీ థ్యాంక్స్. నిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లాం. పదకొండు దూలాల్లో రెండింటి చివర్లలో అది పిడి దాకా దిగిపోయింది. ఆ వైపు ఎవరూ వెళ్లకుండా తాడు కట్టేశాం. ఆస్తి ఇంకా తాతగారి పేరే ఉంది మాస్టారూ, ఇద్దరు మేనత్తలకు ఫోన్ చేయాలి, అదే టెన్షన్. మైకు కొనం, అది ఖాయం.

నాన్న రానన్నవారు వచ్చారు. మూల పాత కాటా కనిపించింది, తుప్పు పట్టి పళ్లెం కదలడం లేదు. ఏమీ మాట్లాడకుండా వెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చుకుని గంటసేపు దాని దగ్గరే కూర్చున్నారు. దాన్ని పాత ఇనుముకి వేయొద్దన్నారు. ఒప్పుకున్నట్టో కాదో నాకింకా తెలీదు.

తాళాలు మూడు చేయించాలనుకుంటున్నాం పిన్ని గారూ. బాత్రూమ్‌కి గొళ్లెం నిన్ననే పెట్టించాం.

గుంటూరు పిన్ని
లోపలి వైపేనా? మావాళ్లు మొదట బయట పెట్టించారు.