పులికాట్ ఉప్పునేల పూమొక్క: గంగపాయల రకమా, వేరే మొక్కా?

మొక్కల టీచర్ (తిరుపతి): సూళ్లూరుపేట అవతల పులికాట్ అంచున పిల్లలతో తెచ్చిన మొక్కలను స్కూల్లో ప్రదర్శనకు పెడుతున్నాం. ఒకటి ఉప్పునేల మీద పాకుతుంది. కండగల ఆకులు, గులాబీరంగు పూలు. లేబుల్ మీద ‘సెసూవియం పోర్టులకాస్ట్రం, ఐజోయేసీ కుటుంబం’ అని రాశాను. గంగపాయల రకమేనని కొందరు అంటున్నారు. ఏది రాయమంటారు?

తడవాసి: గంగపాయల రకమే మేడమ్. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి పెట్టిన పేరు పోర్టులకా పోర్టులకాస్ట్రం. పోర్టులకా అంటే గంగపాయలే కదా.

భూతద్దం: ఆ లిన్నేయసే 1759లో దీన్ని సెసూవియంలోకి మార్చాడు. పువ్వు చూడండి. గంగపాయలకు రెండు రక్షకపత్రాలు, లోపల పసుపు ఆకర్షకపత్రాలు. దీనికి ఆకర్షకపత్రాలే లేవు. గులాబీగా కనిపించేవి ఐదు పరిపత్రాలు, అంటే రక్షక, ఆకర్షక తేడా లేని పూరేకులు. అవి వెలుపల ఆకుపచ్చగా ఉంటాయి, కొన వెనక చిన్న కొమ్ము ఉంటుంది.

తడవాసి: కాయ సంగతి చెప్పరేం? రెండింటి కాయా మూత ఊడినట్టే విడుతుంది.

భూతద్దం: కోడిజుట్టు కాయ కూడా అలాగే విడుతుంది. అది తోటకూర కుటుంబం. మూతను బట్టి చుట్టరికం తేలదు.

చంద్రగిరి కుర్రాడు: ఉప్పులో ఎట్ల బతుకుతాదో ఎవురన్నా చెప్పండబ్బా.

తడవాసి: అది తర్వాత. కొత్త ప్రజాతిలోకి (జీనస్) మార్చినప్పుడు ‘పోర్టులకాస్ట్రం’ ఎందుకు ఉంచారు? దీనికి సూటిగా జవాబు కావాలి.

భూతద్దం: ప్రజాతి మారినా మొదట పెట్టిన జాతిపదం, అంటే పేరులో రెండో మాట, వెంట వస్తుంది, అది నామకరణ నియమం. తెల్లగలిజేరు కూడా ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమే. అదీ గంగపాయలేనంటారా? పూలమొక్కల వంశక్రమం చూసే శాస్త్రవేత్తల బృందం ఏపీజీ 2009లో చేసిన వర్గీకరణలో గంగపాయల కుటుంబంలో పోర్టులకా ఒక్క ప్రజాతే మిగిలింది. గలిజేరు, ఈ మొక్క ఐజోయేసీలో ఉన్నాయి.

తడవాసి: అడిగింది ఒకటి, చెప్పేది ఇంకొకటి. మీరు పేర్లు మారుస్తూ పోతారు, మార్కులు మాకు పోతాయి. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో పాత పుస్తకం చూసి దీని కుటుంబం ‘ఫైకాయిడీ’ అని రాశాను. బెంథామ్, హుకర్‌ల పాత వర్గీకరణ పద్ధతిలో అదే. ఎగ్జామినర్ కొట్టేశారు. పక్కన ‘వంగరెడ్డి కూర’ అని మా ఊరి పేరు రాస్తే అందరి ముందూ చదివి నవ్వారు.

భూతద్దం: మీ మార్కులకు, ఈ మొక్కకు సంబంధం ఏమిటి? ఊరి పేర్లను నమ్మి మా నాన్న నష్టపోయారు. కాళ్ల వాపుకు పునర్నవ వాడమంటే అంగడిలో గలిజేరు అని తెల్లగలిజేరు వేరు ఇచ్చారు. అసలు పునర్నవ బోయర్‌హావియా, కాగితంపూల కుటుంబం. దాన్నీ గలిజేరే అంటారు. వాపు తగ్గలేదు, డాక్టర్ దగ్గరకు ఆలస్యంగా వెళ్లాం.

శేషాచలం నడక: ఇద్దరూ కాస్త తగ్గండి సార్.

తడవాసి: తగ్గేదేం లేదు. మా అమ్మ ఆ ఆకును రెండుసార్లు నీళ్లు మార్చి ఉడికించి, ఉప్పు పోయాక పప్పులో వేసేది. అది గంగపాయల కాదని ఆమెకు మీకన్నా ముందే తెలుసు. నాకు కావలసింది గంగపాయల అనే మాట కాదు. ఆ లేబుల్ మీద మా వాళ్ల పేరుకు చోటు ఎందుకు లేదని అడుగుతున్నాను.

భూతద్దం: ఆ ముక్క మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. రాయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ శాస్త్రీయ నామం పైన ఉండాలి. ఒక పేరుకు ఒకే మొక్క అన్న హామీ దానితోనే వస్తుంది.

తడవాసి: ప్రదర్శన చూడడానికి వచ్చేది తిరుపతి పిల్లలు. వాళ్లు చదవగలిగే పేరు పైన ఉండాలి. కింద మీ లాటిన్ ఎంత పొడుగ్గానైనా రాసుకోండి.

మొక్కల టీచర్ (తిరుపతి): రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాలతో రాస్తాను. పైన ఏది, కింద ఏది అన్నది పిల్లలనే అడుగుతాను. కుర్రాడు అడిగినదానికి: ఈ మొక్క ఉప్పును ఆకు కణాల్లోని రిక్తికల్లో, అంటే రసం నిండిన సంచుల్లో, దాచుకుంటుంది. కండ పట్టిన ఆకులు నీటిని నిలుపుకుంటాయి.

తడవాసి: పిల్లలను అడిగే ముందు ఆ పప్పు వండి పెట్టండి మేడమ్. ఆకు నేను పంపిస్తాను.