చీములో బ్యాక్టీరియా కనిపిస్తోంది, కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచి చూస్తే) మాత్రం రావడం లేదు. ఏం చేయాలి?

నేను ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. షుగర్ పేషెంట్ల కాలి పుండ్లు, కడుపులో గడ్డల నుంచి వచ్చే చీము ఒక్కోసారి ముక్కు పగిలేంత కంపు కొడుతుంది. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) సన్నటి గ్రామ్ నెగటివ్ బాసిల్లై (గులాబీ రంగులో కనిపించే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా) బాగానే కనిపిస్తాయి. మామూలు కల్చర్‌లో 48 గంటలైనా ఏమీ పెరగదు. బాక్టీరాయిడ్స్ లాంటి అనెరోబ్స్ (ఆక్సిజన్ ఉంటే పెరగని బ్యాక్టీరియా) అని నా అనుమానం.

శాంపిల్ దూది స్వాబ్ మీద వస్తుంది, అదీ గంటల తర్వాత. సిరంజితో లాగి, గాలి తీసేసి పంపమంటే వార్డులో వినేవాళ్లు లేరు. మా సీనియరేమో క్యాండిల్ జార్ (లోపల కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టే జార్) చాలంటారు. అందులో ఆక్సిజన్ మిగిలే ఉంటుంది కదండీ!

ఆక్సిజన్ లేకుండా చేసే అనెరోబిక్ జార్, గ్యాస్ ప్యాక్ కొనే బడ్జెట్ లేదు. చీముని రాబర్ట్‌సన్ కుక్డ్ మీట్ మీడియంలో (అనెరోబ్స్ కోసం వాడే, ఉడికించిన మాంసం ముక్కలున్న ద్రవం) వేసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా, పెద్ద ల్యాబ్‌కి బస్సులో పంపితే దారిలో బతుకుతాయా? అలా పంపుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.